రెండుసార్లు మోగి ఆగితే మనవాళ్లు

పోయిన నెల ఒక మధ్యాహ్నం, అన్నం తిని కాసేపు నడుం వాలుద్దామనుకుంటుండగా నా ఫోను మోగింది. పక్కన కూర్చుని చదువుకుంటున్న మనవరాలు తొంగి చూసి, పేరు లేదు నానమ్మా, ఎర్రగా చూపిస్తోంది, ఎత్తకు, ఎవరో ప్లాట్లు అమ్మేవాళ్లయి ఉంటారు అంది. ప్లాట్లు అమ్మేవాళ్లంటే అంత చులకనైతే ఎట్లా తల్లీ, ఈ ఇంట్లో నువ్వు తిన్న తిండీ చదివిన చదువూ ప్లాట్లు అమ్మగా వచ్చినవే కదా అని ఎత్తిపొడిచి, దాని మాట వినకుండా ఫోను ఎత్తాను. మోగే ఫోను ఎత్తకుండా ఉండటం నా వల్ల కాదు. ఇంట్లో అందరూ దాన్ని నా చాదస్తం అనుకుంటారు. ఆ చాదస్తం ఎక్కడ పట్టుకుందో, ఆ రోజు ఫోనులో మాట్లాడింది ఎవరో చెప్పాలంటే మా ఇంటికి మొట్టమొదట ఫోను వచ్చిన రోజుల దగ్గరికి వెళ్లాలి. ఇంతవరకూ ఇంట్లో కూడా చెప్పని సంగతి ఇది. నా ఈడువాళ్లు చదువుతారు కదా అన్న ధైర్యంతో రాస్తున్నాను.

నేను కోడలిగా వచ్చేనాటికి, అంటే ఎనభైల మొదట్లో, దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీ నగర్ వైపు పోతుంటే రోడ్డుకు రెండు వైపులా ఇంకా ద్రాక్షతోటలు మిగిలి ఉండేవి. మా మామగారిదీ ఒక తోట. నేను వచ్చిన రెండో ఏడు తీగలు పీకించేసి, సున్నంతో గీతలు గీయించి, రాళ్లు పాతించి దాన్ని కాలనీ చేశారు. ఆయన అచ్చువేయించిన కరపత్రంలో బస్సు సౌకర్యం, మంచినీటి బావి, కరెంటు అని వరసగా రాసి చివర ఫోను సౌకర్యం కలదు అని కూడా వేయించారు. ఆ ఫోను మరెక్కడిదో కాదు, మా ముందు గదిలో కిటికీ పక్కన స్టూలు మీద ఉన్న మా ఇంటి నల్ల ఫోనే. ఎన్నో ఏళ్లు ఎదురుచూస్తే వచ్చిన దాన్ని ప్లాట్లతో పాటు అమ్మేశారన్నమాట. బయటికి ఫోను చేయకుండా డయలుకు చిన్న తాళం వేసి, ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు గానీ, బయటి నుంచి వచ్చే ఫోనుకు తాళమెక్కడ వేస్తారు?

మీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పెళ్లి పత్రికల మీదా ఉద్యోగం దరఖాస్తుల మీదా పక్కింటివాళ్ల నంబరు రాసి పక్కన పీపీ అని పెట్టేవాళ్లు. మా కాలనీలో ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్ల పీపీ నంబరూ మాదే. కరపత్రంలో ఉంది కాబట్టి అది వాళ్ల హక్కు. గోదావరి వైపు నుంచి వచ్చిన టీచరుగారి భార్య ఏమ్మా, మావాళ్ల ఫోనేమైనా వచ్చిందాండీ అని రోజుకు రెండుసార్లు అడిగి వెళ్లేది. పిలుచుకురావలసింది నేను. మూలింటి వాళ్లకైతే డాబా ఎక్కి తువ్వాలు ఊపాలి, రెండో వీధి వాళ్లకైతే చెప్పులేసుకుని ఉరకాలి. ట్రంకాల్ అయితే ఎడతెరిపి లేకుండా మోగేది, ఊళ్లో ఫోనైతే ఆగి ఆగి మోగేది. పొయ్యి మీద కూర కలుపుతూనే ఏది ఏదో చెప్పగలిగేంత ఆరితేరాను. మొదట్లో మా అత్తగారికి అదో గొప్ప, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి చాయ్ కూడా పోయించేది. ఆ ముచ్చట ఏడాది నిలవలేదు.

ఆ తర్వాత మామగారికి బీపీ వచ్చింది. మధ్యాహ్నం కంటినిండా నిద్రపోవాలని డాక్టరు చెప్పాడు. రిసీవరు తీసి పక్కన పెట్టేద్దామంటే హయత్‌నగర్ రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి మా ఆయన కబురు అప్పుడే వస్తుందాయె. అందుకని ఒక రోజు అందరినీ ముందు గదిలో కూర్చోబెట్టి, ప్లాట్ల నక్షా విడమరిచి చెప్పినట్టే చెప్పారు. మనవాళ్లు ఎవరు చేసినా రెండుసార్లు మోగనిచ్చి పెట్టేయాలి, మళ్లీ చేయాలి. అట్లా వస్తేనే ఎత్తాలి. ఒంటిగంట నుంచి నాలుగు దాకా తిన్నగా మోగే ఫోను మనది కాదు, దాన్ని ముట్టుకోవద్దు. ఈ గుర్తు ఇంటి గడప దాటవద్దు, దాటిందా రేపటి నుంచి కాలనీ మొత్తం రెండుసార్లు మోగించి పెట్టేస్తుంది అన్నారు. అందరం తలూపాం.

ఒకసారి మాత్రం నేను తప్పాను. టీచరుగారింట్లో కాన్పు రోజులని ఒక మధ్యాహ్నం ఫోను ఎత్తి పిలుచుకొచ్చాను. మామగారు నన్ను ఒక్క మాట అనలేదు. మరునాడు మా తమ్ముణ్ని పిలిపించి, అందరి ముందూ, మీ అక్కకు చెవులు సక్కగ ఇనవడ్తలేవు, తోల్కపోయి దవాఖానల సూపించు అన్నారు. మా తమ్ముడు నిజమేననుకుని బిక్కమొహం వేశాడు. అప్పటికి పెళ్లయి మూడేళ్లు, నా ఒళ్లో ఇంకా పిల్లలు లేరు. అట్లాంటి కోడలు పుట్టింటికి వెళితే తిరిగి పిలుస్తారో లేదో తెలియని కాలం అది. నేను మళ్లీ తప్పలేదు.

ఇప్పుడు అక్క సంగతి చెప్పాలి. అక్క అంటే తోడబుట్టినది కాదు. పోచంపల్లి వైపు నుంచి మగ్గం పట్టుకుని వచ్చి, రెండో వీధి చివర మామగారు కట్టించిన కిరాయి గదుల్లో దిగిన ఇంటి ఇల్లాలు. మగ్గానికి గుంట తవ్వుకుంటామంటే మామగారు నేలంతా పాడవుతుందని గొణిగి చివరికి సరేనన్నారు. అక్క, భర్త, బడికి పోయే ఇద్దరు పిల్లలు, ఒక మరిది. మరిదికి సినిమా పిచ్చి. చేతిలో పని వదిలేసి దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాట్నీకి ఉడాయించేవాడు, దొరికిపోతే వదినకు కథంతా చెప్పి నవ్వించి గండం గట్టెక్కేవాడు. కన్నకొడుకులా చూసుకునేది వాణ్ని. నాకు ఆ ఇల్లంటే ప్రాణం. మా ఇంట్లో నన్నెవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు, అక్క ఒక్కతే చెల్లె అని పిలిచి, తల దువ్వి, నా వాడిన మొహం చూసి ఇయ్యాల ఏమైంది అని అడిగేది.

ఆ ఏడు వానాకాలంలో అక్క భర్తకు కామెర్లు ముదిరాయి. సర్కారు దవాఖానలో చేర్చారు. పొద్దున అక్క వెళ్లి కూర్చునేది, మధ్యాహ్నానికి మరిది వెళితే తను పిల్లల కోసం ఇంటికొచ్చేది. నయమవుతుందనే అనుకున్నారు. ఒక రోజు పన్నెండు దాటాక అక్క దవాఖాన నుంచి వస్తూ వస్తూ మా ఇంటికొచ్చింది. మనిషి అలిసిపోయి ఉంది. డాక్టరు ఇవాళ ఏ సంగతీ చెప్పలేదని, అక్కడే ఉందామంటే పిల్లల్ని చూసేవాళ్లు లేరని, ఏమన్నా అయితే దవాఖాన గేటు ముందరి పైసలేసే డబ్బా ఫోను నుంచి మరిది ఫోను చేస్తాడని చెప్పింది. "జర పిలువు చెల్లె," అంది.

"నేనున్న కద అక్కా, ఫికర్ చేయకు," అన్నాను.

ఆ మాట నోట్లోంచి వస్తున్నప్పుడే గోడ మీద గడియారం చూశాను. ఒంటిగంటకు ఇంకా కొంచెం ఉంది. అక్కకు ఆ గుర్తు చెబితే సరిపోయేది. కానీ చెబితే ఏం లాభం, మరిది అప్పటికే దవాఖానలో ఉన్నాడు, అతనికెట్లా చేరుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆ ముందు వారం చెప్పవచ్చు, ఆ ముందు రోజు చెప్పవచ్చు, వాళ్లింట్లో దవాఖాన మొదలైన నాడే చెప్పవచ్చు. పోనీ, నాలుగు దాకా మా ఇంట్లో ఫోను ఎత్తరక్కా, నువ్వు వెనక్కి పో అని అన్నా చాలు. ఇంటి గుట్టు అని నోరు కట్టేసుకున్నాను. అక్క నా మాట నమ్మి ఇంటికి వెళ్లి మగ్గంలో కూర్చుంది. ఆ మగ్గం చప్పుడులో పక్కింట్లో పిడుగు పడ్డా వినిపించదు.

రెండు కొట్టిన కాసేపటికి ఫోను మోగింది. నేను చేట ముందు వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. రెండుసార్లు మోగి ఆగుతుందేమోనని చెయ్యి ఆపాను. ఆగలేదు. పందొమ్మిదిసార్లు మోగింది. నేను లెక్కపెట్టాను. మా అత్తగారు గడప దగ్గర కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. ఆమెకూ తెలుసు, అక్క వచ్చి చెప్పినప్పుడు పక్కనే ఉంది. నా వైపు చూసి, చెయ్యి కొంచెం ఎత్తి, పోనీ అన్నట్టు ఊపింది.

కొద్దిసేపటికి మళ్లీ మోగింది. ఈసారి ఇరవైయేడు. నేను లేచి వాకిట్లోకి వచ్చి చెప్పులేసుకున్నాను. ఫోను ఎత్తకపోతేనేం, ఉరికిపోయి, అక్కా ఫోను మోగుతోంది, నువ్వు దవాఖానకు పో అని చెబితే పోదా అనుకున్నాను. లోపల మామగారు దగ్గారు. ఒట్టి దగ్గే, మేలుకున్న దగ్గు కూడా కాదేమో. ఆ దగ్గుకే చెప్పులు విడిచి లోపలికొచ్చేశాను. మూడోసారి మోగినప్పుడు లెక్క పెట్టలేదు. దానంతటది ఆగిపోయేదాకా చేట వైపే చూస్తూ కూర్చున్నాను.

నాలుగు కొట్టగానే వెళ్లి రిసీవరు ఎత్తాను. గుయ్యిమని చప్పుడు తప్ప ఏముంటుంది? అప్పుడైనా అక్క దగ్గరికి వెళ్లాల్సింది. వెళితే ఇంతసేపూ ఏం చేశావని అడుగుతుందని భయం. మళ్లీ చేస్తారులే, అప్పుడు పిలుస్తాను అనుకుని దాని పక్కనే నిలబడ్డాను. అది మోగలేదు.

సాయంత్రం మరిది బస్సు దిగి వచ్చాడు. రెండో వీధిలో ఏడుపు వినిపించి నేనూ మా అత్తగారూ వెళ్లాం. మూడున్నరకు ప్రాణం పోయిందట. రెండు కాకముందు నుంచీ అన్న, మీ వదిన ఏదిరా, పిలువురా అని అడుగుతూనే ఉన్నాడట. మా కాలనీ నుంచి ఆ దవాఖానకు రెండు బస్సులు మారినా గంట. మొదటి ఫోనుకే నేను పిలిచి ఉంటే మూడున్నరకు ముందే అక్క ఆ మంచం దగ్గర ఉండేది. ఈ లెక్క నేను కొన్ని వేలసార్లు వేసుకున్నాను, ఎన్నిసార్లు వేసినా అంతే వస్తుంది.

"మూడుసార్లు చేసిన వదినే. ఎవ్వరు ఎత్తలె," అన్నాడు మరిది.

అక్క తలెత్తి నా వైపు చూసింది. నింద వేసే చూపు కాదు, నేను ఏం చెబుతానా అని చూసింది, అంతే. నా వెనక మా అత్తగారు నిలబడి ఉంది. వీధి వీధంతా అక్కడే ఉంది.

"ఫోన్ రాలె అక్కా," అన్నాను.

ఆ మూడు మాటలకు ఎంత బరువుందో నాకప్పుడు తెలియదు. ఆ గడియ గడిస్తే చాలనుకున్నాను. అక్క నా మాటే నమ్మింది. మెల్లగా మరిది వైపు తిరిగి, "సినిమకు వోయినవారా?" అంది. ఆ పిల్లవాడు, పిల్లవాడేమిటి, ఇరవై ఏళ్లవాడు, నా మొహం వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. జవాబు చెప్పలేదు. చెప్పకపోయేసరికి అందరికీ అదే నిజమైంది.

పదకొండో రోజు అయ్యాక, పొద్దున్నే నేను గేటు ముందు ఊడుస్తుంటే వచ్చి నిలబడ్డాడు. చేతిలో చిన్న సంచి. ఫోను మోగిన చప్పుడు తనకు వినబడిందని, నంబరు తప్పు కాదని అన్నాడు. నేను చీపురు పట్టుకుని నేల చూస్తున్నాను. తర్వాత అన్న మాటలు ఇప్పటికీ అక్షరం పోకుండా గుర్తున్నాయి. "నేనేం అననమ్మా. వదినే మీ ఇంట్లనే ఉండాలె, పిల్లలు చిన్నోళ్లు. జర సూసుకోండ్రి," అని, హయత్‌నగర్ బస్సు కోసం రోడ్డు వైపు వెళ్లిపోయాడు. మేము ఇంటివాళ్లం, వాళ్లు కిరాయివాళ్లు. కోడలు అబద్ధం ఆడిందంటే మామగారు గది ఖాళీ చేయించేవారని అతనికి తెలుసు. వదిన నెత్తి మీద నీడ కోసం అన్న చావుకు సినిమా చూసినవాడన్న పేరు మోశాడు. నేను మోయనిచ్చాను.

ఆ తర్వాత వాడు పండక్కి బట్టలు పంపితే అక్క తిప్పి పంపింది. పెళ్లికి పిలవడానికొస్తే తలుపు తీయలేదు. నా మీద మాత్రం ఆమెకు నానాటికీ ప్రేమ పెరిగింది. నా మొదటి కాన్పుకు పదిహేను రోజులు నా దగ్గరే పడుకుంది. అబద్ధం ఎరగని పిల్ల అని నన్ను నలుగురిలో మెచ్చుకునేది. ఆ మెప్పు విన్న ప్రతిసారీ ఇవాళ చెప్పేయాలి అనుకునేదాన్ని, ఇవాళ ఆమె సంతోషంగా ఉంది, రేపు చెబుదాంలే అనుకునేదాన్ని. ఆమె దిగులుగా ఉన్నప్పుడు దిగులుగా ఉంది కదా అనుకునేదాన్ని. సాకులకేం కొదవ? మామగారు పోయారు, అత్తగారు పోయింది, నల్ల ఫోను పాత సామాన్లవాడి బండెక్కింది. ఎవరికి భయపడ్డానో వాళ్లంతా పోయాక కూడా నోరు పెగల్లేదంటే, అప్పటికి నా భయం వాళ్లంటే కాదు, అక్క అంటే.

పోయిన నెల నాకు ఫోను చేసింది ఆ మరిది కొడుకు. నేనెప్పుడూ చూడలేదు. "నాయిన పొద్దుగాల పోయిండమ్మా. పెద్దమ్మకు చేస్తే ఎత్తుతలేదు, మా నంబరు సూస్తే కట్ చేస్తది. మీరు జర చెప్పుర్రి," అన్నాడు. నా నంబరు నీకెట్లా తెలుసు నాయనా అని అడిగాను. వాళ్ల నాయన పుస్తకంలో వదినె అని రాసి ఉన్న చోట కింద నా నంబరు ఉందట, పక్కన పీపీ అని ఉందట. ఎవరిని అడిగి రాసుకున్నాడో, ఎన్నేళ్ల కింద రాసుకున్నాడో, ఒక్కసారి కూడా నాకు చేయలేదు.

అక్క ఇప్పుడు మీర్‌పేట్‌లో చిన్న కొడుకు దగ్గర ఉంటోంది. ఆటో ఎక్కి వెళ్లాను. పిలుచుకురమ్మని వచ్చిన ఫోను మోసుకుని అక్క గడపకు వెళ్లడం నలభై ఏళ్లలో అదే మొదలు. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. మరిది పోయాడని చెప్పాను. వలుస్తున్న చెయ్యి ఆగి మళ్లీ కదిలింది. "పోతె పోయిండు. అన్న సావంగ సినిమ సూసినోడు," అంది.

అప్పుడు చెప్పాను. మూడుసార్లు ఫోను మోగిందని, నేను వింటూ కూర్చున్నానని, ఎత్తలేదని, రాలేదని అబద్ధమాడానని. ఎందుకు ఎత్తలేదో మాత్రం చెప్పలేదు, ఆ గుర్తు గొడవంతా చెబితే మళ్లీ మామగారి మీదికి తోసినట్టు అవుతుందనిపించింది. అక్క నన్ను తిట్టలేదు. నేను తిట్లకు సిద్ధపడి వెళ్లాను, అవే దొరికి ఉంటే బాగుండేది. చేతిలో ఉన్న కాయ వలిచి గిన్నెలో వేసి, "గా పోరడు మూడుసార్లు చేసిండా?" అని అడిగింది. చేశాడన్నాను. చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపి, లేచి చేతులు కడుక్కుని, కొడుకును బండి తీయమంది. మరిది వాళ్లది బాటసింగారం, చీకటి పడకముందే శవాన్ని తీసుకెళ్లిపోతారట. నేనూ వస్తానక్కా అని లేవబోతే, నా వైపు చూడకుండా, "నువ్వు రాకు," అంది. చెల్లె అనలేదు.

చివరి చూపు దొరికిందో లేదో నాకు తెలియదు. అడుగుదామని ఆ మరునాటి నుంచి రోజూ మధ్యాహ్నం ఫోను చేస్తున్నాను. మా ద్రాక్షతోట ఉన్న చోట ఇప్పుడు అయిదంతస్తుల భవనాలు లేచాయి, రోడ్డు మీద మెట్రో పోతోంది, ఒక్కో ఇంట్లో నాలుగు ఫోనులున్నాయి. ఎవరిని పిలవడానికీ ఎవరూ ఉరకనక్కరలేదు. అప్పుడు మోగేది ఎవరో ఎత్తితే గానీ తెలిసేది కాదు. ఇప్పుడు ఎత్తకముందే పేరు కనబడుతుంది. అక్క ఫోనులో నా పేరు చెల్లె అనే ఉంటుంది, ఆమె మనవడి చేత రాయించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ పేరు చూస్తూ అక్క వరండాలో కూర్చుని ఉంటుంది. ఇక్కడ నేను లెక్కపెడుతూ ఉంటాను.

నిన్న ఏం తోచిందో, రెండుసార్లు మోగనిచ్చి పెట్టేసి మళ్లీ చేశాను. చేసి, చెవి దగ్గర పెట్టుకుని ఎదురుచూస్తుంటే గుర్తొచ్చింది, ఆ గుర్తు అక్కకు నేను ఏనాడూ చెప్పలేదు.